పొద్దుగాల పోయి పొద్దూకంగ ఇంటికొచ్చిన ఆపరేషన్

నేను చెప్తున్న, నా కోడలు మౌనిక రాస్తున్నది. నాకు సంతకం పెట్టుడు వస్తది, బస్సు మీద నెంబరు చదువుడు వస్తది, గంతే. మా మాదన్నపేట గల్లీల ఆడోళ్ళు ఒక్కొక్కలు వచ్చి, తలుపు దగ్గరికేసి అడుగుతున్రు: "బాలమణక్కా, గా ఆపరేషన్ సంగతేంది? నొచ్చిందా? నిజంగ అదే దినం ఇంటికొచ్చినవా?" ఒక్కొక్కలకు చెవుల చెప్పి చెప్పి నాకు గొంతు బొంగురు పోయింది. గందుకే ఒక్కసారి అందరికి కలిపి చెప్తున్న. సిగ్గుపడేటోళ్ళు లోపట కూసొని చదువుకోన్రి.

నాకు గర్భసంచి కిందికి జారింది.

"గిది గిట్లనే రాయాల్నా అత్తా?" అంటున్నది మౌనిక. రాయి బిడ్డా. ఈ ఒక్క మాట నోట్లెకెళ్ళి రాకనే ఏడేండ్లు బాధపడ్డ.

మాది పాల ఇల్లు. మా ఇంటాయన ఉన్నప్పుడు ఐదు బర్రెలుండె. ఆయన పోయినంక రెండు మిగిలినయి. ఆయన మోసే దాణా సంచులు, గడ్డి మోపులు, పాలక్యాన్లు అన్నీ నా మీద పడ్డయి. కొడుకు నర్సింగ్ ఆటో నడుపుతడు. పొద్దుగాల బడి పిల్లలను దించేదుంటది, వాడు కొట్టం దిక్కు రాడు. ఒకనాడు దాణా సంచి ఎత్తి భుజం మీద ఏసుకున్న, కింద ఏదో జారినట్టయింది. చెయ్యి పెట్టి చూస్తె నిమ్మకాయంత. భయమేసి చెయ్యి తీసిన. పండుకుంటె లోపటికి పోయింది. పోయింది గద, ఇగ ఫికర్ లేదనుకున్న.

ఏడాది తిరిగేసరికి నిమ్మకాయ బత్తాయంత అయింది. నిలబడితె బరువు, నడిస్తె ఒరుసుడు. మూత్రం ఒక్కపట్టున రాకపోవుడు, వస్తె ఆగకపోవుడు. పొద్దంత నిలబడ్డ దినం సాయంత్రానికి నడుము ఇరిగిపోయేది.

ఇగ నా తెలివి సూడున్రి. బర్రెలకు గూడ గిట్లయితది. ఈనె ముందటనో ఈనినంకనో కొన్నిటికి గర్భసంచి బయటికొస్తది. అప్పుడు మేమేం చేస్తం? చల్లనీళ్ళతోటి కడిగి, మెల్లగ లోపటికి నూకి, ఎనక తాళ్ళతోటి కట్టేస్తం. ఎనక కాళ్ళ కింద మట్టి పోసి ఎత్తు చేస్తం. నాకు నేను గదే వైద్యం చేసుకున్న. పాత చీర చింపి లంగోటి లెక్క బిగిచ్చి కట్టిన. మంచానికి కాళ్ళ దిక్కు రెండేసి ఇటుకలు పెట్టిన.

"ఈ ఇటుకలేంది అత్తా?" అని కొత్తగొచ్చిన మౌనిక అడిగింది.

"మంచం గిట్ల పెడితె దోమలు కుట్టవు" అన్న, ఏం చెప్పాల్నో తెల్వక.

వారం దినాలకు చూస్తె ఆ పిల్ల వాళ్ళ మంచానికి గూడ ఇటుకలు పెట్టుకున్నది. రాయి, నవ్వుకుంటనే రాయి.

బర్రెకు పది దినాలల్ల నయమయితది. నాకు కాలె. గుడ్డ ఒరుసుకొని పుండ్లయినయి. పుండు మీద ఉప్పునీళ్ళు పోసుకొని పండ్లు కొరుక్కుంట కూసున్న దినాలు మస్తున్నయి. ఎవ్వరికి చెప్పాలె? మొగడు లేని దాన్ని, కింద రోగమంటె లోకం ఏమేమో అనుకుంటది. గదే నా భయం.

పోయిన బోనాల పండుగ నాడు నా గుట్టు బయటపడ్డది. నెత్తిన బోనం ఎత్తుకొని గల్లీ మలుపు దాక పోయిన, లోపలి కట్టు వదులైంది. అడుగు పడుతలేదు. నెత్తి మీద దేవుని కుండ, కింద గిది. తల తిరుగుతున్నదని మౌనిక నెత్తికి బోనం ఎక్కిచ్చి, గోడ పట్టుకొని ఇంటికొచ్చిన. ఎదురింటి రజియా బీ గడపల కూసొని లక్కగాజులకు రాళ్ళు అతికిస్తున్నది. నన్ను కింది నుంచి మీది దాక చూసింది. తెల్లారి తానే వచ్చింది.

"బాలమణీ, సచ్ బోల్, నిజం చెప్పు. నీకు కింద ఏమన్న దిగిందా?"

నా పానం పోయినంత పనైంది. "ఎవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్పాలె? నువ్వు నడిచేది రోజు చూస్తలేనా! మా ఆపా, మా అక్క గూడ గిట్లనే తొడలు దగ్గరపెట్టి నడిచేది. పోయినేడు ఆపరేషన్ చేయించుకున్నది. సుబా గయీ, షామ్‌కు ఘర్! ఇప్పుడు పెండ్లిళ్ళల్ల డోలక్ ముందట కూసుంటె లేపినా లేవదు."

పొద్దుగాల పోయి సాయంత్రం ఇంటికొచ్చుడా? నేను నమ్మలె. ఆపరేషనంటె పది దినాలు దవాఖానల పడాలని నాకు తెలుసు. గందుకే గద గిన్నేండ్లు పోలె. సిగ్గు ఒకటైతె, గంగ ఒకటి. గంగ మా పాలిచ్చే బర్రె. దాని దుడ్డె పుట్టిన నెలకే చచ్చిపోయింది. అప్పటి సంది అది నా చెయ్యి పడితెనే చేపుతది, అంటె పొదుగుల పాలు కిందికి దించుతది. వేరేటోళ్ళు కూసుంటె కాళ్ళు ఝాడించి బకెట్ తంతది. రెండోది ఒట్టిపోయి ఉన్నది. గంగ పాలే మా ఇంటి తిండి.

రజియా బీ ఊకోలె. వాళ్ళ ఆపా పోయిన దవాఖానకు తానే ఎంబడి తీసుకపోయింది. ఆ దవాఖానల ఆడోళ్ళ వార్డు ముందట బల్లల మీద ఎంతమంది కూసున్నరో! బురఖా ఏసుకున్నామె ఉన్నది, పట్టుచీరల ఉన్నది, నా తీరు నేతచీరల ఉన్నది. ఒక్కలు గూడ ఎందుకొచ్చిన్రో చెప్తలేరు. నేను గూడ పక్కామెకు "కడుపునొప్పి" అని చెప్పిన. ఆమె గూడ "నాకు గూడ కడుపునొప్పే" అన్నది. గంటసేపటికి ఇద్దరం ఒక్క గది ముందట లైన్ల నిలబడ్డం, ఒకరి మొఖం ఒకరం చూసుకోలె.

డాక్టరమ్మ నా బిడ్డంత ఉంటది. "ఎన్ని దినాల సంది?" అని అడిగింది. "ఏడేండ్లు" అన్న. తిడుతదనుకున్న. కలం కింద పెట్టింది. "ఏడేండ్లు ఒక్కదానివే మోసినవా అమ్మా?" అన్నది. గంతే, నాకు ఏడుపు ఆగలె. మా ఆయన పోయిననాడు గూడ నేను గట్ల ఏడ్వలె, బర్రెలు అరుస్తున్నయని లేచి గడ్డేసిన దాన్ని.

ఇటుకల సంగతి, లంగోటి సంగతి అన్నీ చెప్పిన. నవ్వలె. "కాళ్ళ దిక్కు ఎత్తు పెడితె లోపటికి పోతదని కనిపెట్టినవు గద, తెలివైనదానివే. గని పండుకున్నంతసేపే అమ్మా ఆ వైద్యం" అన్నది.

ముందుగాల ఆపరేషన్ వద్దు, గర్భసంచి జారకుండ లోపట రబ్బరు రింగు పెట్టి చూద్దమన్నది. పెట్టింది. మంచిగనే అనిపిచ్చింది. మూడో దినం గొంతుకూసొని పాలు పిండుతుంటె, ఆ రింగు జారి పేడల పడ్డది. నేను బర్రె దిక్కు చూసిన, బర్రె నా దిక్కు చూసింది. ఇంకింత పెద్ద రింగు పెట్టిన్రు, గది గూడ ఆగలె. అప్పుడు, లోపట కుట్లేసి జారకుండ నిలబెట్టే ఆపరేషనే మంచిదన్నది డాక్టరమ్మ.

"ఇంట్ల ఎవరుంటరు? ఇల్లు ఎంత దూరం? పక్కన పండుకోనీకి మనిషున్నదా?" అని ఒక్కొక్కటి అడిగింది. రక్తం, బీపీ, షుగర్, గుండె అన్నీ చూసినంక చెప్పింది. "పొద్దుగాల చేస్తం. సాయంత్రం దాక చూస్తం. తల తిరగకుంటె, రక్తం పోకుంటె, నీ అంతల నువ్వు మూత్రం పోస్తె ఇంటికి పంపుతం. ఒక్కటి తేడా ఉన్నా ఈడనే ఉంచుకుంటం. ఇంటికి పోయినంక మూడు నెలలు బరువెత్తొద్దు. నిండు బిందె గూడ ఎత్తొద్దు."

ఆ మీది మాటలన్నీ విన్న. ఆఖరిది, బరువెత్తొద్దన్న మాట, చెవులకు ఎక్కలె. అదే దినం ఇంటికి పంపుతున్రంటె చిన్న పనే గద అనుకున్న. తప్పు నాదే. గిది బాగ గుర్తుపెట్టుకోన్రి.

ఇంట్ల లొల్లయింది. నర్సింగ్ నేల చూసుకుంట, "ఈ వయసుల గా ఆపరేషనేందమ్మా, నలుగురికి తెలిస్తె..." అన్నడు. మౌనిక పొయ్యి కాడికెళ్ళి లేచొచ్చింది. "నలుగురొచ్చి దాణా సంచి మోస్తరా? నలుగురొచ్చి పుండుకు మందు రాస్తరా?" అన్నది. ఆ పిల్ల గొంతు గంత పెద్దదని నాకు గప్పుడే తెలిసింది. వాడు పోయి ఆటో కడుక్కున్నడు.

ఆపరేషన్‌కు రెండు దినాల ముందుగాల మౌనిక, "అత్తా, నీ కొట్టం చీర ఉతక్కుండ నాకియ్యి. నేను కట్టుకొని కూసుంట. గంగ నువ్వే అనుకుంటది" అన్నది. గిది పాలోళ్ళల్ల ఉన్నదే. పిండే మనిషి బట్టల వాసనకు బర్రె చేపుతది. గని నాకు కోపం నెత్తికెక్కింది. ఎందుకంటె మా ఆయన పోయిన మూడో దినం, బర్రెలు పాలియ్యకుంటె, నేను ఆయన చెమట అంగీ ఏసుకొని పిండిన. కన్నీళ్ళు బకెట్ల పడుతుంటె పిండిన. మా ఇంట్ల గట్ల బట్ట మారిందంటె మనిషి పోయినట్టే.

"నేనేమన్న సస్తున్ననా? నా చీర నేనే కట్టుకుంట. తెల్లారి లేచి నేనే పిండుకుంట పో!" అన్న. ఆ పిల్ల కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. మల్ల అడగలె.

ఆపరేషన్ నాడు పొద్దు పొడువకముందే గంగను పిండి, తానం చేసి, మౌనికను, రజియా బీని ఎంబడి తీసుకొని పోయిన. సునీత అని ఒక సిస్టర్ ఉండె. గాజులు తియ్యమందామని నా చేతులు పట్టుకున్నది, బోసి చేతులు చూసి మెల్లగ వదిలింది. ముక్కుపుడక ఎంత తిప్పినా రాలె, దాని మీద పట్టీ అతికిచ్చింది. లోపట బల్ల మీద కాళ్ళు పైకి కట్టే యాళ్ళకు నాకు సచ్చిపోవాలనిపిచ్చింది. ఆమె దుప్పటి ఆఖరి దాక తియ్యలె. తలుపుకు నాకు నడుమ తాను అడ్డం నిలబడ్డది. "నేనుండంగ ఎవ్వరు రారమ్మా" అన్నది. గా మాటకు ఆమె కాళ్ళు మొక్కినా తక్కువే.

నడుముల సూదేసిన్రు. కాళ్ళు నాయి కానట్టయినయి. డాక్టరమ్మ మాటలు వినపడుతనే ఉన్నయి. నడుమ నడుమ, "బాలమణమ్మా, మీ గంగ ఎన్ని లీటర్లిస్తది?" అని అడుగుతున్నది. నా ధ్యాస మళ్ళిచ్చేటందుకని నాకు తెలుసు. తెలిసినా మంచిగ అనిపిచ్చింది. గుంజినట్టు తెలిసింది గని నొప్పి లేదు. గంతనే చెప్తున్న, నేను చూసింది గంతనే.

మధ్యాహ్నానికి కాళ్ళల్లకు చీమలు పాకినట్టు పానమొచ్చింది. సిస్టర్ చెయ్యి పట్టి లేపింది, నాలుగడుగులేసిన. తల తిరగలె. రక్తం గూడ లేదు. ఇగ మిగిలింది ఒక్కటే, మూత్రం.

పోయి కూసున్న. రాలె. నీళ్ళు తాగిచ్చిన్రు. మల్ల పోయిన. రాలె. పక్క మంచం కాడ ఉన్న ముసలామె, పసిపిల్లలకు చేసినట్టు "స్స్స్" అని మొదలుపెట్టింది. రజియా బీ నల్లా తిప్పింది. మౌనిక బయట నిలబడి "వచ్చిందా అత్తా?" అని నిమిషానికొకసారి. ఇంకో గంటల రాకుంటె పైపు పెట్టి ఈడనే ఉంచుతమన్నరు. తెల్లారి గంగను ఎవరు పిండాలె?

సునీత సిస్టర్ అందరిని ఎళ్ళగొట్టింది. "ఎవ్వరు అడుగొద్దు. అమ్మా, తొందరేం లేదు. నేను తలుపవతల ఉంట, మాట్లాడ" అన్నది. గప్పుడు నాకు నవ్వొచ్చింది. గంగ ముందట నేను గూడ గిట్లనే కూసుంట. తొందరపెడితె అది చుక్క ఇయ్యదు. నేను నవ్వుకుంట కూసున్న. వచ్చింది! గిన్నెల కొలిచి చూసి సిస్టర్ చప్పట్లు కొట్టింది. నా జన్మల మూత్రం పోసినందుకు నాకు చప్పట్లు కొట్టింది ఆమె ఒక్కతే.

పొద్దూకె యాళ్ళకు ఇంటికి పంపిన్రు. నర్సింగ్ ఆటో పెండ్లి ఊరేగింపు లెక్క నడిపిండు. గుంత కనపడ్డకాడల్ల దిగి, ముందట రాళ్ళు పక్కకు పెట్టి, మల్ల ఎక్కిండు. "నొస్తున్నదా అమ్మా?" అని అడిగిండు. గా రోగం గురించి వాడు నన్ను అడిగిన మొదటి మాట గదే.

తెల్లారి మౌనిక నన్ను లేవనియ్యలె. సిస్టర్ ఫోన్ చేసి జరం ఉన్నదా, మూత్రం వస్తున్నదా అని అడిగింది. కొట్టంల గంగ తంతున్నది, బకెట్ దొర్లుతున్నది, మౌనిక గోకుతున్నది, పాట పాడుతున్నది. చెంబెడు గూడ రాలె. నర్సింగ్ పాలు దించే సూది తెస్త అన్నడు. ఆ సూది నా కొట్టంలకు రానియ్య అని అరిచిన. రెండో దినం గంతే. మూడో దినం గంగ పొదుగు రాయి లెక్క గట్టిపడ్డది.

నాలుగో దినం ఇంట్ల ఎవ్వరు లేరు. గంగ అరుస్తున్నది. గా అరుపు విని పండుకునేటోళ్ళు పాలోళ్ళు కారు. గోడ పట్టుకొని పోయిన, పీట మీద కూసున్న, చెయ్యి ఏసిన. నిమిషంల చేపింది. నిండు బకెట్ అయింది. చేతికి అలవాటైన పని, ఆలోచన లేదు, బకెట్ ఎత్తి గట్టు మీద పెట్టిన.

లోపట సూది గుచ్చినట్టు గుంజింది. చూస్తె చీరకు ఎర్రగ. నేను ఆడనే గోడకానుకొని నిలబడ్డ. చేసిందంత పాడు చేసుకున్న అనిపిచ్చింది. మల్ల ఆ గుడ్డ, ఆ పుండు, మల్ల ఏడేండ్లు. మౌనిక వచ్చి చూసింది. సిస్టర్‌కు ఫోన్ కొట్టింది. "ఇప్పుడే తీసుకరాన్రి" అన్నది సిస్టర్.

డాక్టరమ్మ చూసింది. "ఒక కుట్టు దగ్గర కొంచెం చీరుకున్నది. మిగిలినయన్నీ మంచిగున్నయి. అదృష్టవంతురాలివి" అన్నది. గప్పుడు అడిగింది: "మీ బర్రెకు కుట్లేసినంక మందల తోలుతవా, కొట్టంల కట్టేస్తవా?"

"కట్టేస్త."

"మరి నిన్నెవరు కట్టెయ్యాలె? ఇంటికి తొందరగ పంపినం అంటె నయమైందని గాదమ్మా. నయమయ్యేది ఇంట్లనే అని. దవాఖానల అయితె మేము కాపలా ఉంటం, ఇంట్ల నీకు నువ్వే కాపలా. గిది మల్ల జారదని నేను రాసియ్యలేను. కొందరికి జారుతది. బరువెత్తినోళ్ళకు తొందరగ జారుతది."

ఇంటికొచ్చినంక పెట్టె తెరిచిన. ఆపరేషన్ నాడు ఇప్పి దాచిన కొట్టం చీర పేడవాసన, పాలవాసన, నా చెమటవాసన తోటి అట్లనే ఉన్నది. మౌనికను పిలిచి నా చేతులతోటే దాని భుజం మీద ఏసిన.

"అత్తా, వద్దంటివి గద?"

"సచ్చినోళ్ళ బట్టనే గాదు బిడ్డా, బతకాలనుకునేటోళ్ళ బట్ట గూడ ఇయ్యొచ్చు. కట్టుకో."

నేను కొట్టం గడప అవతల కుర్చీల కూసున్న. మౌనిక నా చీరల, నా తీరు కొంగు చెక్కుకొని, పీట మీద కూసున్నది. గంగ మూతి తిప్పి వాసన చూసింది. కాలు ఎత్తింది. మల్ల దించింది. బకెట్ అడుగున పాలధార చప్పుడైంది. ఆ పిల్ల నా దిక్కు తిరిగి చూడలె, పని మీదనే కండ్లు పెట్టింది. గప్పుడే అనుకున్న, గిది నాకంటె మంచి పాలమనిషైతదని. ఈ మాట రాయనంటున్నది. రాయి, నా మాట.

అక్కచెల్లెండ్లారా, నాకు తెలిసింది చెప్తున్న. కింద ఏదన్న జారినట్టుంటె ఏడేండ్లు ఆగొద్దు. గుడ్డలు కట్టుకోకున్రి. అందరికి ఆపరేషన్ చెయ్యరు, కొందరికి రింగుతోనే సరిపోతది. అందరిని అదే దినం పంపరు, పంపలేదని భయపడొద్దు. పోయే ముందుగాలనే ఇంట్ల మీ పని ఎవరు చేస్తరో చూసుకోన్రి, మీ చీర ఇయ్యాల్సొస్తె ఇయ్యున్రి. మూడు నెలలు బిందె ముట్టొద్దు. మలబద్ధకం రానియ్యొద్దు. మొగోళ్ళు చదువుతుంటె, సంచి మీరెత్తున్రి. మా నర్సింగ్ ఎత్తుతున్నడు ఇప్పుడు.

మూడు నెలలకు మల్ల పిలిచిన్రు. డాక్టరమ్మ నన్ను నిలబెట్టి, "గట్టిగ దగ్గు బాలమణమ్మా" అన్నది.

ఏడేండ్ల సంది దగ్గొస్తె, తుమ్మొస్తె చెయ్యి కిందికి పోయేది, ఎక్కడ జారి పడుతదో అని. ఆపరేషనైనంక గూడ గొంతుల దగ్గును గొంతులనే మింగుతున్న. గిప్పుడు జారిందంటె? గొంతుల చిన్నగ దగ్గిన.

"గది దగ్గా? మీ బర్రెను గిట్లనే పిలుస్తవా?"

సునీత సిస్టర్ వచ్చి నా రెండు చేతులు పట్టుకున్నది, కిందికి పోకుండ. కండ్లు మూసుకొని, పక్కటెముకలు కదిలేటట్టు దగ్గిన. ఏం జారలె. కదలలె. లోపట అన్నీ ఎక్కడియక్కడ నిలబడ్డయి. ఎవ్వరు చెప్పకుండనే ఇంకోసారి దగ్గిన, అంతకంటె గట్టిగ. బయట లైన్ల ఉన్నోళ్ళు తలుపు తీసి లోపటికి చూసిన్రు.

"చాలమ్మా, చాలు, మంచిగున్నది" అన్నది డాక్టరమ్మ నవ్వుకుంట.

"ఇంకొక్కసారి డాక్టరమ్మా" అన్న.